మేత మిగిలితే నీళ్ళు చూడాలి

(భీమవరంలో ఇంజనీరింగ్ విద్యార్థుల ముందు, ఇక్కడే చిన్న గేమ్ స్టూడియో నడుపుతున్న ఒక డెవలపర్ మాట్లాడిన మాటలకి రాతప్రతి.)

అందరికీ నమస్కారం.

నన్ను పిలిచినప్పుడు గేమ్ ఎలా తయారుచేస్తారో చెప్పమన్నారు. ఆ పాఠం నాకంటే బాగా చెప్పేవాళ్ళు బోలెడంత మంది ఉన్నారు, వీడియోలు కూడా ఉచితంగానే దొరుకుతాయి. మీలో కొంతమంది ఇప్పటికే ఏదో ఒకటి చేసి ఫోన్లో పెట్టుకునే ఉంటారు. అందుకని నేను ఇవాళ ఒక నోటుబుక్కు గురించి చెబుతాను. ఇదిగో, ఇదే. మామూలు లాంగ్ నోట్‌బుక్. ఎడమ పేజీలో మా వ్యాపారం లెక్క, కుడి పేజీలో నా సొంత లెక్క. ఈ రెండూ ఒకే పుస్తకంలోకి రావడానికి నాకు నాలుగేళ్ళు పట్టింది. ఆ నాలుగేళ్ళలో ఏం జరిగిందో చెబుతాను.

ముందు చెరువు దగ్గర మొదలుపెట్టాలి.

మాది భీమవరం దగ్గర, ఉండి అనే ఊరి పక్కన పల్లె. నాన్నది రొయ్యల చెరువు. తొంభైల్లో టైగర్ రొయ్య వేసేవారు. వైట్ స్పాట్ అనే జబ్బు వచ్చి అది పోయాక చాలా ఏళ్ళు చేపలతో సరిపెట్టుకున్నారు. మన దేశానికి వనామి అనే ఇంకో రకం రొయ్య వచ్చింది 2009లో. మా చుట్టుపక్కల అందరూ దానికి మారుతుంటే ఆయనా మారారు. చెరువు చూశారుగా, నీళ్ళు పచ్చగా ఉంటాయి, అడుగు కనపడదు. లక్షల్లో సీడ్, అంటే రొయ్య పిల్లలు, వదిలాక అవి తింటున్నాయో లేదో, అసలు ఉన్నాయో లేదో గట్టు మీద నిలబడి చెప్పలేం. పోనీలే అని మేత గుమ్మరిస్తే, తినగా మిగిలింది అడుగున కుళ్ళి నీళ్ళని పాడుచేస్తుంది. పెట్టుబడిలో పెద్ద వాటా మేతదే కాబట్టి డబ్బూ పోతుంది, చెరువూ పోతుంది.

అందుకే చెక్ ట్రే. చట్రానికి వల బిగించి, నాలుగు మూలలా తాళ్ళు కట్టి, గట్టు నుంచి నీళ్ళలోకి వేసిన కర్రల బల్ల చివర దించుతారు. చెరువంతా మేత చల్లేటప్పుడు ట్రేలో కూడా గుప్పెడు వేస్తారు. రెండు గంటలకి లేపి చూస్తారు. ఖాళీగా ఉంటే ఒక లెక్క, మిగిలితే ఒక లెక్క. నాన్న అయితే ట్రే లేపగానే మేత వంక చూడరు. ముందు ఒక రొయ్యని వేళ్ళ మధ్య పట్టుకుని వెలుతురుకి ఎదురుగా పెడతారు. వీపు పొడుగునా పేగు గీతలా కనిపిస్తుంది. అది నిండుగా ఉందా, మధ్యలో తెగిందా, రంగు ఏంటి, ఇవి చూసుకున్నాకే మేత సంగతి. తర్వాత చొక్కా జేబులోంచి చిన్న పుస్తకం తీసి రెండు అంకెలు రాస్తారు. పూట పూటకీ ఇదే పని. పంట నూరు నూట ఇరవై రోజులూ ఇదే పని.

ఇంట్లో ఇది చూస్తూ పెరిగినదాన్ని. అయినా నా పనికి వచ్చేసరికి ఇది నాకు గుర్తు రాలేదు.

నేను 2019లో హైదరాబాదు ఉద్యోగం మానేసి భీమవరం వచ్చాను. మెయిన్ రోడ్డుకి కాస్త లోపల, మేడ మీద ఒక గది, నలుగురికి సరిపడా బల్లలు. మొదటి రెండేళ్ళు వేరే కంపెనీలకి పని చేసి పెట్టేవాళ్ళం. ఒకళ్ళకి బొమ్మలు, ఒకళ్ళకి కోడు. ఆ డబ్బుతో అద్దె, జీతాలు. మధ్యలో దొరికిన టైములో మా సొంత ఆట. పులి-మేక చేశాం. మూడు పులులు, పదిహేను మేకలు, అరుగుల మీద బొగ్గుతో గీసుకుని ఆడేవాళ్ళు చూడండి, అదే. 2021లో ప్లే స్టోర్‌లో పెట్టాం. మా బంధువులు ఆడారు, స్నేహితులు ఆడారు, తర్వాత ఆగిపోయింది. ఎందుకు ఆగిందో మా దగ్గర జవాబు లేదు. బయటివాళ్ళు ఒక్కళ్ళయినా ఆడుతుంటే మేం పక్కన కూర్చుని చూసింది లేదు.

అదే ఏడాది ఒక కంపెనీ మా చేత అయిదు నెలలు పని చేయించుకుని డబ్బులివ్వలేదు. మెయిళ్ళు పెట్టాం, ఫోన్లు చేశాం. చివరికి నా నగలు బ్యాంకులో పెట్టి ఇద్దరికి జీతాలిచ్చాను. అప్పటినుంచి అడ్వాన్సు చేతికి రానిదే పని మొదలుపెట్టం. మిగతాది కూడా ముక్కలు ముక్కలుగా, ఏ ముక్క పూర్తయితే ఆ ముక్కకి డబ్బు. మీలో ఎవరైనా ఈ దారిలోకి వస్తే దయచేసి ఈ ఒక్కటి మాత్రం మొదటి రోజు నుంచే పాటించండి. మొహమాటం పడకండి.

ఆ కష్టంలో ఉండగానే డబ్బు పెట్టి ఆడే పేకాట యాప్‌కి పని చేస్తారా అని ఒకళ్ళు అడిగారు. ఏడాది జీతాలకి సరిపోయేంత ఇస్తామన్నారు. ఒప్పుకోలేదు. సంక్రాంతి కోడిపందేల బరుల దగ్గర ఇళ్ళ కాగితాలు చేతులు మారడం చిన్నప్పటినుంచి చూసినదాన్ని. మన రాష్ట్రం 2020లోనే ఆన్‌లైన్ రమ్మీ లాంటివాటిని నిషేధించింది. 2025 ఆగస్టులో కేంద్రం కూడా డబ్బు ఆటలన్నిటినీ నిషేధిస్తూ చట్టం తెచ్చింది. మామూలు ఆటలకీ, ఈ-స్పోర్ట్స్‌కీ ఆ చట్టంలో చోటిచ్చారు. కానీ చట్టం సంగతి అటుంచండి. అలాంటి యాప్ ముట్టుకోనని నా కుడి పేజీలో మొదటి వాక్యంగా రాసుకున్నాను. పుస్తకం మారినా ఆ వాక్యం కొత్త పుస్తకంలోకి వస్తుంది. ఆదాయం తగ్గినప్పుడు అది చదువుకోవాల్సిన అవసరం నాకు నిజంగానే పడింది.

ఇక లాకుల ఆట. మా సొంత ఆటల్లో నాకు బాగా ఇష్టమైనది.

ధవళేశ్వరం ఆనకట్ట మీకు తెలుసు. 1847లో మొదలుపెట్టి 1852కి పూర్తి చేశారు, కాటన్ దొర కట్టించింది. అక్కణ్ణించి తూర్పు, మధ్య, పశ్చిమ డెల్టాలకి కాలువలు. కాలువల మీద నీళ్ళు ఆపి వదిలే తలుపులున్న లాకులు, వాటి కింద పిల్ల కాలువలు, ఆ చివర శివారు పొలాలు. ఇదంతా ఒక పజిల్ అనిపించింది నాకు. పైన తలుపులు తెరవాలి, నీళ్ళు పంచాలి, నారుమళ్ళు ఎండకూడదు, గట్టు తెగకూడదు. మొదటి నమూనా ఆరు నెలల్లో తయారైంది. బాగుందనుకున్నాం.

ఒక రోజు మా ఇంటి ఓనరు గారి చుట్టం ఒకాయన పైకి వచ్చారు. ఇరిగేషన్‌లో లస్కరుగా, అంటే కాలువ తలుపులు చూసుకునే మనిషిగా చేసి రిటైరైన పెద్దాయన. టాబ్ చేతికిచ్చి, "తాతగారూ, కొంచెం ఆడి చూడండి" అన్నాను. కళ్ళజోడు సర్దుకుని అయిదు నిమిషాలు ఆడారు. ఒక తలుపు తెరిచారు, ఇంకోటి తెరిచారు, టాబ్ పక్కన పెట్టేశారు. "ఇలా అవదమ్మా" అన్నారు. "నువ్వు పైన ఎంత తెరిచినా పైవాడే తాగేస్తాడు. శివారుకి నీళ్ళు వెళ్ళాలంటే పైవాణ్ణి ఆపాలి. దాళ్వాలో, అంటే రెండో పంటకి, మేం వంతులు పెట్టేది అందుకే. ఇన్ని రోజులు వాళ్ళకి, ఇన్ని రోజులు వీళ్ళకి. తలుపు తెరవడం ఎవడైనా తెరుస్తాడు. మూసి, గట్టు మీద నిలబడి, తిట్లు పడాలి. అదీ పని."

ఆ మాటతో ఆట మొత్తం మారిపోయింది. తెరవడం కాదు, మూయడమే ఆటగా చేశాం. ఎవరి వంతు ఎప్పుడు, ఎవరికి ఎంత కోపం వస్తుంది, ఆ కోపాన్ని ఎన్ని రోజులు మోయగలవు, ఇదే లెక్క. ఈ రోజు మా ఆట గురించి మంచి మాట రాసే ప్రతి ఒక్కళ్ళూ ఆ వంతుల గురించే రాస్తారు. ఆరు నెలలు గదిలో కూర్చుని మాకు తట్టనిది ఆయన అయిదు నిమిషాల్లో చెప్పారు.

అంత మంచి ఆట చేతిలో ఉన్నప్పుడే నేను తప్పు చేశాను. 2023 దసరా నుంచి గోడ మీద బోర్డు పెట్టాను. సంక్రాంతికి విడుదల, ఇన్ని రోజులు మిగిలాయి, ఇన్ని విష్‌లిస్టులు కావాలి. తెలియనివాళ్ళకి ఒక మాట: స్టీమ్ అంటే కంప్యూటర్ ఆటలు అమ్మే ఆన్‌లైన్ దుకాణం. అందులో ఆట విడుదలకి ముందే దాని పేజీ పెట్టుకోవచ్చు. నచ్చినవాళ్ళు విష్‌లిస్టులో వేసుకుంటారు, విడుదల రోజు స్టీమ్ వాళ్ళకి మెయిలు పంపుతుంది. మళ్ళీ మనం 20 శాతమో అంతకంటే ఎక్కువో తగ్గించినప్పుడు ఇంకో మెయిలు వెళ్తుంది. కాబట్టి ఆ అంకె ముఖ్యమే, కాదనను. కానీ నేను దాన్ని రోజుకి ఇరవైసార్లు చూసేదాన్ని. పొద్దున లేవగానే, అన్నం తింటూ, పాప హోంవర్కు పక్కన కూర్చుని. పెరగని రోజు అందరి మీదా విసుక్కునేదాన్ని.

ఆ దసరాకి కాస్త ముందే, సెప్టెంబరు 12న, ఆటలు తయారుచేయడానికి మేం వాడే యూనిటీ ఇంజన్ అనే సాఫ్ట్‌వేర్ వాళ్ళు, 2024 నుంచి ఇన్‌స్టాల్‌కి ఇంత చొప్పున ఫీజు అని ప్రకటించారు. ప్రపంచమంతా గొడవ చేస్తే పది రోజుల్లో సవరించారు, ఏడాది తిరిగేసరికి పూర్తిగా వెనక్కి తీసుకున్నారు. కానీ ఆ పది రోజులు మా నలుగురికీ నిద్ర లేదు. మా స్థాయి ఆటకి ఆ ఫీజు పడే పరిమితే రాదని తర్వాత ప్రశాంతంగా కూర్చుని లెక్క వేస్తే తేలింది. టెన్షన్‌లో ఆ లెక్క కూడా వెయ్యలేకపోయాం.

మా దగ్గర బొమ్మలు గీసే అబ్బాయి నర్సాపురం నుంచి రోజూ రైల్లో వచ్చేవాడు. వాడి దగ్గర చిన్న స్కెచ్ బుక్కు ఉండేది. రైల్లో కనపడ్డవాళ్ళందరినీ గీసేవాడు. పూలమ్మే ఆవిడ, చేపల బుట్ట, కిటికీకి తలానించి నిద్రపోయే కాలేజీ పిల్లలు. మా ఆటలో రైతుల మొహాలన్నీ ఆ పుస్తకంలోంచి వచ్చినవే. నవంబరు, డిసెంబరులో రాత్రి రైలు తప్పిపోయి ఆఫీసులోనే పడుకునేవాడు. నేనే ఉండమనేదాన్ని. డిసెంబరు చివర్లో ఒక పొద్దున తాళంచెవి నా బల్ల మీద పెట్టి, "అక్కా, నేను ఇంక చెయ్యలేను. ఇంటి దగ్గర కూడా బొమ్మ గియ్యబుద్ధి కావట్లేదు" అన్నాడు. పుస్తకం తెరిచి చూపించాడు. దీపావళి తర్వాత ఒక్క పేజీ కూడా లేదు.

నేను వాడికి సమాధానం చెప్పలేకపోయాను. నా పక్క బల్ల. రోజూ పది గంటలు కలిసి కూర్చుంటాం. విష్‌లిస్టు అంకె నాకు ఏ గంటకి ఎంతో తెలుసు, ఆ పుస్తకం ఖాళీ అయిన సంగతి తెలీదు.

ఆ రోజు మధ్యాహ్నం ఆఫీసు మూసేసి మా ఊరు వెళ్ళిపోయాను. నాన్న చెరువు దగ్గరున్నారు. నేనేమీ చెప్పలేదు, ఆయనేమీ అడగలేదు. ట్రే లేపే టైమైంది. లేపారు. సగం మేత అలాగే ఉంది. నేను కంగారుపడి, "ఏమైంది నాన్నా, జబ్బా?" అన్నాను. రొయ్యని తీసి పట్టుకుని చూశారు. ఒంటి మీద చెయ్యి వేస్తే మెత్తగా ఉంది. "పౌర్ణమి దగ్గరకొచ్చింది కదమ్మా, పొర వదులుతున్నాయి. పొర వదిలేటప్పుడు తినవు. పెరగడమంటే అదే మరి" అన్నారు. సాయంత్రం మేత తగ్గించమని పాలేరుకి చెప్పి, నీళ్ళలో గాలి కలిపే ఏరేటర్లు రెండు ఎక్కువ తిప్పమన్నారు. నేను అడిగాను, జబ్బయితే ఏం చేసేవారని. "జబ్బయినా ముందు మేత తగ్గిస్తాం. మేత మిగిలితే రొయ్యని తిట్టి ఏం లాభం? నీళ్ళు చూడాలి."

ఆయన రొయ్య గురించే అన్నారు. నేను గట్టు మీద కూర్చుని చీకటి పడేదాకా ఆ మాటే తలుచుకున్నాను. మేం చేసింది సరిగ్గా దానికి వ్యతిరేకం. పని మిగిలిపోతోందంటే ఇంకా పని వేశాం. రాత్రుళ్ళు కలిపాం, ఆదివారాలు కలిపాం. నీళ్ళు ఎవరం చూశాం?

మర్నాడు బోర్డు తీసేశాను. సంక్రాంతి విడుదల మానేశాం. ఆట 2024 అక్టోబరులో బయటికొచ్చింది. ఆ అబ్బాయి వెంటనే రాలేదు, నేనూ రమ్మని ఒత్తిడి చెయ్యలేదు. ఏప్రిల్‌లో తనే ఫోన్ చేశాడు. ఇప్పుడు వారానికి నాలుగు రోజులు వస్తాడు, అయిదున్నర రైలుకి వెళ్ళిపోతాడు. అది ఒప్పందంలో రాసి ఉంది.

ఈ పుస్తకం అప్పుడు మొదలైంది. సోమవారం పొద్దున పదింటికి రాస్తాను. ఎడమ పేజీలో మూడే గీతలు. మొదటిది బియ్యం. అంటే ఇవాళ్టి నుంచి ఒక్క రూపాయి రాకపోయినా ఎన్ని నెలలు అద్దె, జీతాలు ఇవ్వగలం. మేం దాన్ని "ఎన్ని నెలల బియ్యం" అనే అంటాం, అలా అంటే నలుగురికీ ఒక్కసారే అర్థమవుతుంది. ఆరు కంటే తగ్గితే సొంత ఆట పక్కన పెట్టి బయటి పని పట్టుకుంటాం. తొమ్మిది దాటితే బయటి పని వద్దంటాం. ఈ హద్దులు ముందే రాసి పెట్టుకున్నాం కాబట్టి ఆ వారం వాదన ఉండదు.

రెండోది, ఈ వారం మా ఎదురుగా కూర్చుని ఆట ఆడిన కొత్తవాళ్ళు ఎంతమంది. డౌన్‌లోడ్లు కాదు, మనుషులు. ఒక్క వారం కూడా సున్నా ఉండకూడదు. ఆ తాతగారి తర్వాత ఇది మాకు నియమం అయిపోయింది. పులి-మేకకి ఇదే చేసి ఉంటే ఎక్కడ విసుగొస్తోందో రెండు వారాల్లో తెలిసిపోయేది. మూడోది, గత సోమవారం లేనిదీ, ఈ సోమవారం ఆడి చూడగలిగేదీ ఏమిటి. ఒక్క వాక్యం. "శివారు రైతు గట్టు మీదకొచ్చి అడుగుతాడు" అని ఉంటుంది ఒక వారం. రాయడానికి ఏమీ లేకపోతే గీత ఖాళీగా వదిలేస్తాం, అబద్ధం రాయం. విష్‌లిస్టు అంకె పేజీ అడుగున, చిన్నగా, వారానికి ఒక్కసారి.

అంకెల్లో ఒక తేడా గమనించండి. ఎంతమంది కొంటారో మా చేతిలో లేదు. ఎంతమందిని కూర్చోబెట్టి ఆడించామో మా చేతిలో ఉంది. పంట ధర నాన్న చేతిలో లేదు, కౌంట్, అంటే కిలోకి ఎన్ని రొయ్యలు తూగుతాయో, పంట పట్టే రోజుదాకా తెలియదు. ట్రే లేపడం ఆయన చేతిలో ఉంది. చేతిలో ఉన్నదాన్ని పూట పూటకీ రాయాలి, లేనిదాన్ని అప్పుడప్పుడు చూడాలి. నేను చేతిలో లేని అంకెని గోడకెక్కించి, చేతిలో ఉన్నదాన్ని వదిలేశాను.

ఇప్పుడు కుడి పేజీ. సొంత లక్ష్యాలంటే చాలామంది జనవరి ఒకటిన పది రాస్తారు. నేనూ రాసేదాన్ని. మనకి జనవరి అసలు మంచి నెల కాదు, రెండు వారాలకే సంక్రాంతి, మన ఊళ్ళలో ఆ వారం ఎవరి పనీ నడవదు. నేను ఇప్పుడు సార్వాకి, అంటే మొదటి పంటకి ఒకసారి, దాళ్వాకి ఒకసారి రాసుకుంటాను. కాలువలకి నీళ్ళు వదిలినప్పుడు మొదలు, కోతలప్పుడు ముగింపు. వేసవిలో కాలువలు కట్టేస్తారు చూడండి, గట్లు బాగుచేసుకోవడానికి, పూడిక తియ్యడానికి. ఆ నెల నేను కూడా కొత్త లక్ష్యం పెట్టుకోను. మిషన్లు బాగుచేయించడం, పాత ఫైళ్ళు సర్దడం, జీఎస్టీ కాగితాలు, డాక్టరు దగ్గరికి వెళ్ళడం. ఏడాదిలో ఒక నెల పూడికతీతకి కేటాయించకపోతే మిగతా పదకొండు నెలలు నీళ్ళు పారవు.

కుడి పేజీలో ఆ మొదటి వాక్యం కాక, మూడు లక్ష్యాల కంటే ఎక్కువ ఉండవు. ఈ సార్వాకి నావి: వారంలో అయిదు రోజులు కాలువ గట్టు మీద నడక. వారంలో నాలుగు రాత్రులు పాపకి కథ చెప్పి పడుకోబెట్టడం. ఆదివారం మధ్యాహ్నం అమ్మ దగ్గర కూర్చుని లేసు అల్లడం. అమ్మది నర్సాపురం వైపు, పెళ్ళికి ముందు నుంచీ అల్లుతోంది. నాకు మౌస్ పట్టుకుని పట్టుకుని కుడి మణికట్టు పాడైంది, డాక్టరు వేళ్ళకి వేరే కదలిక ఇవ్వమన్నారు. మొదట మందులా మొదలుపెట్టాను, ఇప్పుడు ఆదివారం కోసం ఎదురుచూస్తాను. ఒక వరసలో తప్పు పడితే ఎంత దూరం వచ్చినా అక్కడిదాకా విప్పేస్తుంది అమ్మ. "విప్పితే దారం ఎక్కడికీ పోదు కదే" అంటుంది. మా కోడు విషయంలో నాకు అంత ధైర్యం ఇంకా రాలేదు, నేర్చుకుంటున్నాను.

బరువు ఇంత తగ్గాలి, బీపీ ఇంతకి రావాలి అని నేను రాయను. నడిచిన రోజులు రాస్తాను. మూడు వారాలు వరసగా అయిదుకి రెండే వచ్చాయనుకోండి, నన్ను నేను తిట్టుకోను. ఎడమ పేజీ చూస్తాను. దాదాపు ప్రతిసారీ కారణం అక్కడే దొరుకుతుంది. బియ్యం అయిదు నెలలకి పడిపోయి ఉంటుంది, లేకపోతే బయటి పని ఒకటి ఒప్పుకోకూడనిది ఒప్పుకుని ఉంటాను. అలాగే ఎడమ పేజీ మూడో గీత వరసగా ఖాళీ వస్తే కుడి పేజీ చూస్తాను. నిద్ర లేదు, పాపకి జ్వరం, ఇంట్లో ఏదో నడుస్తోంది. చిన్న వ్యాపారంలో ఈ రెండు పేజీల మధ్య గోడ ఉండదు. రెండిటిలో ఉన్నవీ ఒకే చెరువు నీళ్ళు. వేరువేరు యాప్‌లలో పెట్టుకున్నన్నాళ్ళూ నాకు ఇది కనపడలేదు.

కొన్ని యాప్‌లు వరస తెగితే సున్నాకి తీసుకెళ్తాయి. వంద రోజులు నడిచి, తుఫానొచ్చి ఒక రోజు మానేస్తే మళ్ళీ ఒకటి. నాకు అది అన్యాయం అనిపిస్తుంది. పౌర్ణమికి రొయ్య తినలేదని పంట సున్నా అయిపోదు కదా. ఏమీ పని జరగని వారాల్లో కొన్ని నిజంగా జబ్బు వారాలు, కొన్ని పొర వదిలే వారాలు. లాకుల ఆట తర్వాత నెలన్నర నాకు ఒక్క ఆలోచన కూడా రాలేదు. ఆ పేజీల్లో ఎడమ పక్కన "మెత్తగా ఉంది" అని రాసి ఉంటుంది, చూడండి. ఆ తర్వాతే ఇప్పుడు చేస్తున్న ఆట పుట్టింది.

ఇంకొకటి, ఇది టీము నడపబోయేవాళ్ళకి. ఎడమ పేజీ అందరిదీ, ఎవరైనా తిరగెయ్యవచ్చు. కుడి పేజీ ఎవరిది వాళ్ళది. మా వాళ్ళు ఏం రాసుకుంటారో నేను అడగను. జీతం ఇచ్చే మనిషి అడిగితే అది లక్ష్యం కాదు, ఇంకో డ్యూటీ అవుతుంది. సోమవారం టీ తాగుతూ ఒక్క ప్రశ్న అడుగుతాను: "మేత మిగిలిందా?" మిగిలిందంటే పని తగ్గిస్తాం. ఎందుకని అడగం. చెప్పాలనిపిస్తే వాళ్ళే చెబుతారు.

డబ్బు లెక్కలు త్వరగా చెప్పేస్తాను, ఎందుకంటే ఇవి ముందే తెలియక మేం ఇబ్బందిపడ్డాం. స్టీమ్‌లో ఒక్కో ఆటకి 100 డాలర్లు కట్టాలి, అమ్మకాలు 1,000 డాలర్లు దాటితే అది తిరిగొస్తుంది. వాళ్ళ వాటా 30 శాతం. ఈ నెల అమ్మకాల డబ్బు వచ్చే నెలాఖరుకి వస్తుంది, కాబట్టి విడుదల రోజు సందడి చూసి బియ్యం నిండిందనుకోకండి. కొన్న 14 రోజుల్లోపు, రెండు గంటల కంటే తక్కువ ఆడి ఉంటే కొన్నవాళ్ళు డబ్బు వెనక్కి తీసుకోవచ్చు, అదీ మనసులో పెట్టుకోవాలి. డబ్ల్యూ-8బెన్ అనే ఫారం సరిగ్గా నింపితే అమెరికా అమ్మకాల మీద పన్ను కోత 30 నుంచి 15 శాతానికి తగ్గుతుంది, రెండు దేశాలకీ ఒప్పందం ఉంది. ప్లే స్టోర్ అకౌంటుకి ఒక్కసారి 25 డాలర్లు, ఏడాదిలో మొదటి పది లక్షల డాలర్ల మీద వాళ్ళ వాటా 15 శాతం. మీరు ఇప్పుడు కొత్తగా వ్యక్తిగత అకౌంటు తెరిస్తే, ఆటని అందరికీ ఇచ్చేముందు 12 మంది టెస్టర్లతో 14 రోజులు వరసగా పరీక్షించాలి. చాలామంది దీన్ని అడ్డంకిలా చూసి, ఎవరివో పన్నెండు మెయిల్ ఐడీలు తెచ్చుకుని గట్టెక్కుతున్నారు. అలా చెయ్యకండి. మీ హాస్టల్లోనే పన్నెండు మంది ఉన్నారు. ఆ పద్నాలుగు రోజులూ పక్కన కూర్చుని చూడండి. అంతకంటే మంచి చెక్ ట్రే మీకు దొరకదు. కొత్త ఆటకి మేం గోడో ఇంజన్‌కి మారాం. 2014 నుంచి ఓపెన్ సోర్స్, ఎవరూ మధ్యలో ఫీజు పెంచలేరు. మీరు కూడా దాంతోనే మొదలుపెట్టండి అని నా సలహా.

"మేడమ్, అంత డబ్బు మిగులుతుందా?" అని వెనక బెంచీ నుంచి అడుగుతున్నారు. నిజం చెబుతాను. లాకుల ఆట పెట్టిన ఖర్చు తెచ్చింది, మీద ఏడు నెలల బియ్యం ఇచ్చింది. హైదరాబాదులో ఉండి ఉంటే నాకు ఎక్కువ జీతం వచ్చేది. కానీ పోయిన ఏడాది పుస్తకం తిరగేస్తే, పాపకి కథ చెప్పిన రాత్రులు నూట ఎనభై పైన ఉన్నాయి. ఆ అంకె నాకు ఏ ఉద్యోగంలోనూ వచ్చేది కాదు. నాకు ఈ రెండు అంకెలూ కలిపే లెక్క.

టైమైంది అంటున్నారు. ఒక్క విషయం అడిగి ఆపేస్తాను. ఈ వారం మా రెండో గీతలో ఇంకా సున్నా ఉంది. కొత్త ఆట సగంలో ఉంది, వామనగుంటల మీద చేస్తున్నాం, పద్నాలుగు గుంటలు, చింతగింజలు. చాలాచోట్ల తప్పులున్నాయి, ఎక్కడో మాకు తెలియట్లేదు. శనివారం మధ్యాహ్నం మూడింటికి వీలైనవాళ్ళు మా ఆఫీసుకి రండి. ఒక్కొక్కళ్ళూ అరగంట ఆడండి. మేం పక్కన కూర్చుని ఏమీ మాట్లాడకుండా రాసుకుంటాం. మీకు ఎక్కడ విసుగొస్తే అక్కడ ఆపేసి, తాతగారు పెట్టినట్టు టాబ్ పక్కన పెట్టెయ్యండి.